కంటికి కనబడని రేణువు, చెరువులోని చిన్న ప్రాణి

ఊరి చెరువు గట్టున నిలబడి ఒక గాజు గ్లాసుతో నీళ్ళు ముంచి ఎండకెదురుగా పట్టి చూడండి. ఆవగింజంత కూడా లేని చుక్కలు కొన్ని ఆ నీటిలో ఎగిరెగిరి పడుతుంటాయి. చెత్త అనుకుని పారబోయకండి. అవి ప్రాణులు. వాటిలో డాఫ్నియాలు, మొయినాలు, సైక్లాప్సులు, రోటిఫర్లు ఇలా ఎన్నో రకాలు ఉంటాయి. వీటన్నిటినీ కలిపి జంతుప్లవకాలు అంటారు. వల వేసే జాలరికి గానీ, నీళ్ళు మోసుకెళ్ళే వారికి గానీ వీటితో పని లేదు. కానీ ఆ చెరువులో చేప బతకాలంటే ఇవి ఉండాలి. నీరు పచ్చబడి కుళ్ళిపోకుండా ఉండాలన్నా ఇవి ఉండాలి.

ఇంత చిన్న ప్రాణికి, దానికంటే వేల రెట్లు చిన్నదైన ఒక కొత్త కాలుష్యంతో ఇప్పుడు ముప్పు వచ్చింది. అదే నానో రేణువుల కాలుష్యం. ఆ రేణువులు ఏమిటి, నీటిలోకి ఎలా చేరుతున్నాయి, ఆ చిన్న ప్రాణులను ఏం చేస్తున్నాయి, అందులో మన పాత్ర ఎంత అన్న విషయాలను ఈ వ్యాసంలో తెలుసుకుందాం.

నానో అంటే ఎంత?

మీటరును వంద కోట్ల భాగాలు చేస్తే అందులో ఒక భాగం నానోమీటరు. మన తల వెంట్రుక మందం సుమారు 80,000 నానోమీటర్లు. రక్తంలోని ఎర్ర కణం అడ్డుకొలత 7,000 నానోమీటర్ల దాకా ఉంటుంది. 1 నుంచి 100 నానోమీటర్ల మధ్య పరిమాణం గల రేణువులను నానో రేణువులు అంటారు. మామూలు సూక్ష్మదర్శినిలో ఇవి విడివిడిగా కనబడవు.

నానో రేణువులు ప్రకృతిలో మొదటి నుంచీ ఉన్నాయి. దీపం మసిలో ఉన్నాయి, అగ్నిపర్వతం బూడిదలో ఉన్నాయి, బంకమట్టిలోనూ ఉన్నాయి. మనిషి కూడా తెలియకుండానే వాటిని తయారు చేశాడు. ప్రఖ్యాతి గాంచిన డమాస్కస్ కత్తులకు కావలసిన ఉక్కు దక్షిణ భారతం నుంచి ఎగుమతి అయ్యేది. నేటి నిజామాబాదు ప్రాంతంలోని కోనసముద్రం ఆ ఉక్కుకు పేరు మోసిన చోటు. అలాంటి ఒక పాత కత్తి ముక్కను 2006లో జర్మనీ శాస్త్రవేత్తలు పరీక్షిస్తే అందులో కర్బన నానో గొట్టాలు కనబడ్డాయి. మన కొలిమి పనివారికి ఆ పేరు తెలియదు, పని మాత్రం తెలుసు.

అయితే ఈ రేణువులను కావాలని, కోరిన కొలతలో, టన్నుల కొద్దీ తయారు చేయడం మాత్రం కొత్త. 1959లో రిచర్డ్ ఫైన్‌మన్ అనే భౌతిక శాస్త్రవేత్త పదార్థాన్ని అణువుల స్థాయిలో మలచవచ్చని ఒక ప్రసంగంలో చెప్పారు. 1974లో జపానుకు చెందిన నోరియో తనిగుచి ‘నానో టెక్నాలజీ’ అనే మాట వాడారు. మన దేశంలో 2007లో కేంద్ర ప్రభుత్వం నానో మిషన్ ప్రారంభించింది.

చిన్నదైతే గుణం ఎందుకు మారుతుంది?

ఒక సెంటీమీటరు భుజం గల ఘనాన్ని ఊహించుకోండి. దాని ఆరు ముఖాల మొత్తం వైశాల్యం 6 చదరపు సెంటీమీటర్లు. అంటే ఒక తపాలా బిళ్ళంత. అదే ఘనాన్ని ఒక్కొక్క నానోమీటరు భుజం గల ఘనాలుగా కోస్తే అన్నిటి వైశాల్యం కలిపి 6,000 చదరపు మీటర్లు అవుతుంది. అంటే దాదాపు ఎకరంన్నర! పదార్థం బరువు అంతే ఉంది, కానీ చుట్టూ ఉన్న నీటితో, గాలితో, జీవకణంతో తాకే ఉపరితలం విపరీతంగా పెరిగింది. రసాయన చర్య జరిగేది ఉపరితలం మీదే గనుక, ముద్దగా ఉన్నప్పుడు మందకొడిగా ఉండే పదార్థం నానో రూపంలో చురుగ్గా మారుతుంది.

ఆ చురుకుదనమే మనకు ఉపయోగం. వెండి నానో రేణువులు బాక్టీరియాను చంపుతాయి కాబట్టి వాసన రాని మేజోళ్ళలో, గాయాల పట్టీలలో, నీటి ఫిల్టర్లలో వాడుతున్నారు. టైటానియం డయాక్సైడ్, జింక్ ఆక్సైడ్ రేణువులు అతినీలలోహిత కిరణాలను ఆపుతాయి కాబట్టి ఎండకు రాసుకునే క్రీముల్లో కలుపుతున్నారు. గోడల రంగుల్లోనూ, టైర్లలోనూ, పూతల్లోనూ రకరకాల నానో పదార్థాలు ఉంటున్నాయి. వాటి వల్ల మేలు ఉంది, దాన్ని కాదనలేం. బాక్టీరియాను చంపే గుణం మేజోడుతో ఆగిపోదు, నీటిలోకి కూడా వెళుతుంది. చిక్కు అక్కడే ఉంది.

నీటిలోకి దారి

2008లో అమెరికాలోని అరిజోనా స్టేట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు బజారులో దొరికే వెండి మేజోళ్ళను కొని నీటిలో ఉతికి చూశారు. కొన్ని రకాలు నాలుగు ఉతుకుల్లోనే తమలోని వెండిని దాదాపుగా వదిలేశాయి. మరికొన్ని అసలు వదల్లేదు. అంటే తయారీలో తేడా ఉంటే నష్టంలోనూ తేడా ఉంటుందన్నమాట. అదే ఏడాది స్విట్జర్లాండులో ఇళ్ళ గోడల రంగు నుంచి టైటానియం డయాక్సైడ్ నానో రేణువులు వాననీటితో కొట్టుకొచ్చి దగ్గరి వాగులో చేరుతున్నట్టు చూపించారు. ఒంటికి రాసుకున్న క్రీము స్నానంతో పోతుంది. పారేసిన ప్లాస్టిక్ ఎండకు, వానకు చిట్లి చిట్లి చివరికి నానో స్థాయి ముక్కలవుతుంది.

ఇవన్నీ కలిసేది మురుగులోనే. మురుగు శుద్ధి కేంద్రం బాగా పనిచేస్తే చాలావరకు ఈ రేణువులు బురదలో చిక్కుకుంటాయి. వెండి అయితే అక్కడి గంధకంతో కలిసి వెండి సల్ఫైడుగా మారి విషగుణం చాలావరకు పోగొట్టుకుంటుంది. ఇది మంచి వార్త. కానీ శుద్ధి జరిగితేనే కదా! కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2021లో ఇచ్చిన లెక్క ప్రకారం దేశంలోని పట్టణాల్లో రోజుకు 72,368 మిలియన్ లీటర్ల మురుగు పుడుతుంటే, నిజంగా శుద్ధి అవుతున్నది 20,236 మిలియన్ లీటర్లే. అంటే నూటికి 28 పాళ్ళు. తక్కినది ఉన్నది ఉన్నట్టుగా వాగుల్లోకి, చెరువుల్లోకి పోతోంది.

పరీక్షకు నిలబడే ప్రాణి

నీటి విషాన్ని కొలవడానికి ప్రపంచమంతటా శాస్త్రవేత్తలు ఎక్కువగా నమ్ముకునే ప్రాణుల్లో ఒకటి డాఫ్నియా. ఇది రొయ్యలకు, పీతలకు దూరపు చుట్టం. ఒంటి మీద పలుచని, పారదర్శకమైన చిప్ప ఉంటుంది. సూక్ష్మదర్శిని కింద పెడితే వీపు వైపున గుండె టపటపా కొట్టుకోవడం, పేగులో పచ్చని నాచు కదలడం, పొట్టలో పిల్లలు తిరగడం అన్నీ బయటికే కనబడతాయి. పరిస్థితులు బాగున్నంత కాలం ఆడవే మగతోడు లేకుండా పిల్లల్ని కంటాయి. చెరువు ఎండే కాలం వస్తే గట్టి పెంకుగల గుడ్లు పెడతాయి. అవి మట్టిలో ఏళ్ళ తరబడి పడి ఉండి, మళ్ళీ నీళ్ళు రాగానే పొదుగుతాయి. 2011లో డాఫ్నియా పులెక్స్ జన్యుపటాన్ని ప్రచురించినప్పుడు దానిలో దాదాపు 31,000 జన్యువులు ఉన్నట్టు తేలింది. మనిషి జన్యువుల కంటే ఎక్కువ!

దీని తిండి తీరే దీనికి ముప్పు తెస్తుంది. డాఫ్నియా ఎంచుకుని తినదు. కాళ్ళకున్న సన్నని రోమాలతో నీటిని నిరంతరం వడగట్టి, దొరికిన నలుసునల్లా నోట్లోకి తోసుకుంటుంది. విడిగా ఉన్న నానో రేణువు ఆ జల్లెడ కంటే చిన్నదే. కానీ నీటిలో రేణువులు ముద్దలు కడతాయి, నాచు కణాలకు అంటుకుంటాయి. అప్పుడు అవి కూడా తిండితో పాటు లోపలికి పోతాయి. నానో రేణువులున్న నీటిలో కొద్ది గంటలుంచితే చాలు, పచ్చగా ఉండే డాఫ్నియా పేగు తెల్లగానో నల్లగానో నిండిపోవడం కంటితో చూడవచ్చు.

హాని ఎన్ని విధాలు

మొదటిది, ఆకలి. పేగు పనికిరాని రేణువులతో నిండితే తిండికి చోటుండదు. ప్రాణి వెంటనే చావకపోవచ్చు, కానీ ఎదుగుదల తగ్గుతుంది, కనే పిల్లల సంఖ్య తగ్గుతుంది.

రెండవది, కరిగే లోహం. వెండి, జింకు ఆక్సైడ్, రాగి ఆక్సైడ్ రేణువులు నీటిలో కొద్దికొద్దిగా కరిగి అయాన్లను వదులుతాయి. 2008లో ఎస్టోనియా శాస్త్రవేత్తలు ఇలాంటి రేణువులను బాక్టీరియా మీద, చిన్న క్రస్టేషియన్ల మీద పరీక్షించి, విషగుణం ఎక్కువగా ఇలా కరిగిన లోహానిదేనని చూపించారు. వెండి అయాను చేసే పని మరీ క్రూరమైనది. మంచినీటిలో బతికే ప్రాణి తన ఒంట్లో ఉప్పు తగ్గిపోకుండా నీటి నుంచి సోడియంను ఎప్పుడూ పీల్చుకుంటూ ఉండాలి. ఆ పంపును వెండి అయాను ఆపేస్తుంది. ఉప్పు నిలవక ప్రాణి సోలిపోతుంది. కొన్ని రకాల వెండి నానో రేణువులు లీటరుకు 10 మైక్రోగ్రాముల లోపు మోతాదులోనే రెండు రోజుల్లో సగం డాఫ్నియాలను కదలకుండా చేశాయి. ఇది ఎంతో తెలియాలంటే, పదివేల లీటర్ల నీటి ట్యాంకర్లు పది నిలబెట్టి, అన్నిటికీ కలిపి ఒక్క గ్రాము వెండి పంచితే అయ్యే పాకం అది. కాలి పట్టీకి ఉన్న ఒక చిన్న మువ్వ బరువు!

మూడవది, ఎండ. టైటానియం డయాక్సైడ్ రేణువు చీకట్లో దాదాపు నిరపాయకరం. కానీ అతినీలలోహిత కిరణం తగిలితే దాని మీద చురుకైన ఆక్సిజన్ రూపాలు పుట్టి, తాకిన కణపొరను కాల్చినట్టు దెబ్బతీస్తాయి. ప్రయోగశాల దీపాల కింద ఏమీ కాని మోతాదు, ఎండలాంటి వెలుతురులో డాఫ్నియాలను చంపినట్టు అమెరికాలో 2012లో ప్రచురించిన ప్రయోగాలు చెప్పాయి. మన చెరువుల మీద పడే ఎండ ఎలాంటిదో వేరే చెప్పనక్కర లేదు.

నాలుగవది, పూత. ఇది 2011లో జర్మనీ శాస్త్రవేత్తలు బయటపెట్టిన సంగతి. అంతర్జాతీయంగా అమలులో ఉన్న పరీక్ష ప్రకారం, పుట్టి ఒక రోజు కూడా నిండని డాఫ్నియాలను విషపు నీటిలో ఉంచి 48 గంటల తర్వాత ఎన్ని కదలడం లేదో లెక్కిస్తారు. టైటానియం డయాక్సైడ్ ఆ పరీక్షలో చాలాసార్లు సురక్షితంగానే తేలుతుంది. ఈ శాస్త్రవేత్తలు గడువును 96 గంటలకు పెంచారు. రేణువులు డాఫ్నియా ఒంటి మీద పొరలా అతుక్కున్నాయి. మొదటిసారి కుబుసం విడిచినప్పుడు ఆ పొర కూడా ఊడిపోయింది, ప్రాణి బతికింది. కానీ నీటిలో రేణువులు ఇంకా ఉన్నాయి గనుక మళ్ళీ పొర కట్టింది. రెండోసారి నూటికి పది మాత్రమే కుబుసం విడవగలిగాయి. నూటికి తొంభై చనిపోయాయి. రెండు రోజుల పరీక్షలో పాసైన పదార్థం నాలుగు రోజుల్లో ప్రాణం తీసింది. పరీక్ష తప్పు కాదు, దాని గడువు చాలలేదు.

గొలుసులో పైకి

డాఫ్నియాను చిన్న చేప తింటుంది, చిన్న చేపను పెద్ద చేప, దాన్ని మనం. డాఫ్నియా ఒంట్లోని టైటానియం డయాక్సైడ్ తిండి ద్వారా జీబ్రా చేపలోకి చేరుతుందని 2010లో చూపించారు. అయితే పాదరసంలా పైకి పోయేకొద్దీ సాంద్రత పెరగలేదు. ఇది కొంత ఊరట.

స్వీడన్‌లోని లుండ్ విశ్వవిద్యాలయంలో మరో ప్రయోగం జరిగింది. ప్లాస్టిక్ నానో రేణువులను నాచు ద్వారా జంతుప్లవకాలకు, వాటి ద్వారా చేపలకు అందించారు. చేపలు తిండి తినే తీరు మందగించింది, ఒంట్లో కొవ్వుల లెక్క మారింది. 2017లో అదే బృందం మరో మాట చెప్పింది. ప్లాస్టిక్ రేణువులు మరీ చిన్నవైతే డాఫ్నియాను చంపుతున్నాయి, అదే రకం కొంచెం పెద్దవైతే చంపడం లేదు. చేపల మెదడులో కూడా ఆ రేణువుల జాడ దొరికింది.

ప్రయోగశాల గ్లాసుకు, నిజమైన సరస్సుకు తేడా ఉంటుంది కదా అని అనుమానం రావచ్చు. న్యాయమైన అనుమానమే. అందుకే కెనడాలోని ప్రయోగ సరస్సుల ప్రాంతంలో ఒక చిన్న సరస్సును ఎంచుకుని, 2014, 2015 వేసవుల్లో వెండి నానో రేణువులను కొద్దికొద్దిగా కలిపి, చేపలను ఏళ్ళ తరబడి గమనించారు. పసుపు పెర్చ్ చేపల్లో ఎదుగుదల, సంఖ్య, తినే తిండి మూడూ తగ్గాయి.

నాణేనికి రెండో వైపు

భయపెట్టడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. ఎదురు సాక్ష్యాన్ని కూడా చెప్పుకోవాలి. చాలా ప్రయోగాల్లో వాడిన మోతాదు, నదుల్లో ఉంటుందని అంచనా వేసిన మోతాదు కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. నిజమైన చెరువు నీటిలో కుళ్ళిన ఆకుల నుంచి వచ్చే సేంద్రియ పదార్థం రేణువులను కప్పి వాటి పదును తగ్గిస్తుంది. నీటి కాఠిన్యం, ఉప్పు పెరిగితే రేణువులు ముద్ద కట్టి అడుగుకు దిగిపోతాయి. అప్పుడు పైన తేలే ప్రాణులకు ఊరట. కానీ అడుగు బురదలో బతికే పురుగులకు, నత్తలకు, ఆల్చిప్పలకు అదే భారం.

శాస్త్రం తన తప్పును తానే దిద్దుకున్న సందర్భం కూడా ఉంది. 2004లో ఫుల్లరీన్ అనే కర్బన రేణువులు చేపల మెదడును దెబ్బతీస్తాయని ఒక పరిశోధన వచ్చి సంచలనం రేగింది. 2007లో జీబ్రా చేపలతో జరిపిన ప్రయోగాల్లో, అలా తయారుచేసిన ద్రావణంలో కీడు చేసింది ఫుల్లరీన్ కాదని, దాన్ని నీటిలో కలపడానికి వాడిన ద్రావణి విరిగి పుట్టిన పదార్థమని తేలింది. అందుకే ఒక్క వార్త చూసి నిర్ణయానికి రాకూడదు. అలాగని పూర్తి రుజువు వచ్చేదాకా చేతులు ముడుచుకునీ కూర్చోకూడదు. బ్రిటన్ రాయల్ సొసైటీ 2004లోనే, ఇంకా తెలిసేదాకా నానో రేణువులను వీలైనంతవరకు బయటి వాతావరణంలోకి వదలవద్దని సలహా ఇచ్చింది.

మన నీళ్ళ మాట

హైదరాబాదులో 1562 ప్రాంతంలో ఇబ్రహీం కులీ కుతుబ్ షా కాలంలో హుస్సేన్ షా వలీ కట్టించిన హుస్సేన్ సాగర్ నీరు పొంగితే మూసీలో కలుస్తుంది. మూసీ వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. కృష్ణ నీరు ప్రకాశం బ్యారేజి నుంచి కాలువల ద్వారా డెల్టా పొలాలకు, చేపల చెరువులకు పోతుంది. నగరంలో ఒక ఇంటి బాత్రూములో వదిలిన నీటికి, డెల్టాలోని ఒక చెరువుకు మధ్య దారి తెగిపోలేదు.

రొయ్యల, చేపల సాగు చేసే రైతులకు ఈ సంగతి మరింత దగ్గర. హేచరీలో రొయ్య పిల్లకు పెట్టే తిండిలో ఒకటి ఆర్టీమియా. చేప పిల్లకు రోటిఫర్లు, మొయినాలు. రొయ్య కూడా డాఫ్నియాలాగే కుబుసం విడిచి పెరిగే ప్రాణే. నానో పేరుతో మందులు, ఎరువులు, నీటి శుద్ధి పొడులు మార్కెట్లోకి వస్తున్నాయి. వ్యవసాయంలో, ఆహారంలో వాడే నానో ఉత్పత్తుల మదింపుకు కేంద్ర ప్రభుత్వం 2020లో మార్గదర్శకాలు తెచ్చింది. అమ్మేవారిని ఆ మదింపు జరిగిందా అని అడిగే హక్కు రైతుకు ఉంది.

మనం చేయగలిగినవి

ఇవి పెద్ద పనులేమీ కావు. బాక్టీరియాను చంపుతుందని రాసి ఉన్న ప్రతి బట్టా, ప్రతి డబ్బా మనకు అవసరమా అని కొనే ముందు ఒక్క క్షణం ఆలోచిద్దాం. ఆసుపత్రిలో కాలిన గాయానికి వెండి పట్టీ అవసరం, ఇంట్లో మేజోడుకు సబ్బు చాలు. మిగిలిన రంగులు, మందులు, పొడులు కాలువలో పోయవద్దు. ప్లాస్టిక్‌ను చెరువు గట్టున పారేయవద్దు. యూరప్‌లో 2013 నుంచి సౌందర్య సాధనాల మీద నానో పదార్థం ఉంటే ఆ మాట రాయడం తప్పనిసరి. మన దగ్గరా అలాంటి నియమం కావాలని అడుగుదాం. అన్నిటికంటే ముఖ్యంగా, మన ఊరి మురుగు ఎక్కడికి పోతోందో, శుద్ధి కేంద్రం నడుస్తోందో లేదో కనుక్కుందాం. నానో రేణువుకైనా, మామూలు మురికికైనా అడ్డుకట్ట అక్కడే.

సైన్సు చదివే పిల్లలకు ఒక మాట. మీ కాలేజీ సూక్ష్మదర్శినిలో ఒక చుక్క చెరువు నీరు పెట్టి చూడండి. డాఫ్నియా గానీ మొయినా గానీ దొరికితే దాని గుండెను లెక్కించండి. నిమిషానికి రెండు వందలకు పైగానే కొట్టుకుంటుంది. చూసిన తర్వాత ఆ నీటిని సింకులో పోయకుండా తెచ్చిన చెరువులోనే వదిలేయండి. ఆ చెరువును శుభ్రంగా ఉంచే పనివాళ్ళలో అది కూడా ఒకటి.